దారానికెక్కని చీటీ

పోయిన నెలలో పరుపుల భాయ్ ఫోన్ చేసి, అంగడి పై గది ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. ఆయన కొడుకులు దూది పని మానేసి ఫోమ్ పరుపులు పెడుతున్నారు. వాటికి చోటు చాలడం లేదట.

“మన ఆటల రిపోర్టులన్నీ టైపు చేయించినా. బుక్కు కట్టించి తలా ఒకటి ఇస్తా. మొదట నీదే పెడతన్నా, ఆ ఆంట్‌వెర్ప్ ఆటది. ఒకసారి చూసి తప్పులుంటే దిద్దియ్యి,” అన్నాడు.

సరేనన్నాను. మరునాడు కాగితాలు పంపించాడు. ఆరు పేజీలు. ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని మొత్తం చదివాను. అక్షరదోషాలు రెండు కనిపించాయి, దిద్దాను. మూడో తప్పు చివరి పేజీలో ఉంది. అది పదకొండేళ్ళ కిందట నేను తెలిసి రాసిన అబద్ధం. దాని వల్ల జువ్వలదిన్నెలో ఉండే ఒక మనిషి మా అందరి ముందూ నవ్వులపాలయ్యాడు. ఇప్పుడది బుక్కులోకి ఎక్కితే, అతని గురించి మిగిలే మాట అదొక్కటే అవుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. నెల్లూరులో ఇలాంటి ఆట ఆడేవాళ్ళున్నారంటే ఎవరూ నమ్మరు. ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాన్ని ఒకదాన్ని తీసుకుంటాం. ఆ చోటి మ్యాపు గీసి, దాని మీద రెండు సైన్యాలను పెడతాం. ఒకరు ఊరి మీదికి వచ్చేవాళ్ళు, ఇంకొకరు ఊరిని కాచుకునేవాళ్ళు. నిజంగా జరిగినట్టే మళ్ళీ జరుగుతుందా, ఇంకోలా జరగడానికి వీలుందా అని ఆడి చూస్తాం. అంతే.

నేను నీటిపారుదల ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగిని. మాది కోవూరు దగ్గర వరి పండించే కుటుంబం. కాలువలు, తూములు, గట్లు గీసీ గీసీ నాకు మ్యాపుల పిచ్చి పట్టింది, అది మెల్లగా యుద్ధాల మ్యాపుల మీదికి మళ్ళింది. పరుపుల భాయ్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ళ నాయన కాలం నుంచి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టే అంగడి. ఆదివారం పూట పై గది మాకిచ్చేవాడు. గదిని చారల పరుపుగుడ్డతో మూడు భాగాలు చేశాం. ఒక చివర దాడి చేసేవాడు, ఇంకో చివర కాచుకునేవాడు, మధ్యలో అంపైరు. ప్రతి ఆటకీ అంపైరును నేనే.

ఒకరి మ్యాపు ఒకరికి కనపడదు. ఎవరికి వాళ్ళు తమ దళాలకు ఉత్తరువులు చీటీల మీద రాసి, గుడ్డ సందులోంచి నాకందిస్తారు. నేను చదివి మధ్యలో ఉన్న పెద్ద మ్యాపు మీద బొత్తాలు జరుపుతాను. పరుపుకు కుట్టే పెద్ద బొత్తాలే మా ట్యాంకులు. నల్లవి ఒకరివి, నీలంవి ఒకరివి. తర్వాత ఎవరి మనుషులకు ఏం కనపడుతుందో అంతమాత్రమే వాళ్ళకు చెబుతాను. గోడకు బ్యాటరీ లేని గడియారం ఒకటి ఉండేది. దాని ముళ్ళు నేనే తిప్పేవాణ్ణి. అదే యుద్ధం టైము. ప్రతి చీటీ మీదా ఆ టైము వెయ్యాలి. టైము లేని చీటీ చెల్లదు. ఆ రూలు పెట్టింది నేనే.

పని అయిపోయిన చీటీలను దబ్బనంతో పరుపు దారానికి గుచ్చేవాణ్ణి. ఒక ఆటకు ఒక దారం. ఆట అయ్యాక ఎవరికైనా అనుమానం వస్తే దారం పట్టుకుని మొదటి నుంచి చదువుకోవచ్చు. అలా అనుమానం వచ్చి అడిగినవాళ్ళు ఎప్పుడూ లేరు. నా మీద అంత నమ్మకం.

కాచుకునే పక్క ఎప్పుడూ దఫేదారు ఉండేవాడు. మిలిటరీలో ట్యాంకు నడిపి రిటైరైన మనిషి. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు. నాలుగోవాడు జువ్వలదిన్నె బోటు డ్రైవరు. నాకంటే ఆరేడేళ్ళు చిన్న. ఇంటరు దాకా చదివాడు. బోటులో డ్రైవరు కూర్చునే పరుపు చిరిగిందని, కొత్త దూది పెట్టించుకోవడానికి మొదటిసారి అంగడికి వచ్చాడు. అది తయారయ్యిందేమోనని పైకొచ్చి, గోడకున్న నా మ్యాపు ముందు ఆగిపోయాడు.

“ఇది ఏ ఏరన్నా?”

చెప్పాను.

“ఈడ లోతెంత?”

“లోతు వెయ్యలేదు. ఇది ట్యాంకుల ఆట.”

“రేవు గీసినావు గదన్నా. రేవు గీసి లోతు ఎయ్యకపోతే ఎట్టా?”

దఫేదారు పగలబడి నవ్వాడు. “అబ్బయా, అంపైరుకే తప్పు పట్టినావు! కూర్చో, నీకు ట్యాంకులిస్తాం.”

అలా చేరాడు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోట్లు ఒడ్డునే ఉండేవి. ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చేవాడు. ట్యాంకు ఎంత డీజిలు తాగుతుంది, బురదలో ఏమవుతుంది, డ్రైవరుకు ముందర ఎంత కనిపిస్తుంది అని దఫేదారును పీడించేవాడు. చిన్న ఆటలు రెండు మూడు ఆడాడు, ఓడిపోయాడు. తర్వాత ఆంట్‌వెర్ప్ ఆటలో దాడి చేసే పక్షం అతనికిచ్చాను.

ఆంట్‌వెర్ప్ బెల్జియంలో పెద్ద రేవు. సముద్రానికి చాలా లోపల, ఏటి ఒడ్డున ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉండేది. బ్రిటిష్ ట్యాంకులు ఎవరూ అనుకోనంత వేగంగా వచ్చి, జర్మన్లు రేవును పేల్చేలోపే ఊరిని విడిపించాయి. క్రేన్లు, గేట్లు దాదాపు అన్నీ పాడుకాకుండా దొరికాయి. జనం ట్యాంకుల మీదికెక్కి సంబరం చేసుకున్నారు. ట్యాంకులు అక్కడే ఆగిపోయాయి. ఊరి నుంచి సముద్రం దాకా ఏటి రెండు గట్లూ ఇంకా జర్మన్ల చేతిలోనే ఉన్నాయి. అందువల్ల దాదాపు మూడు నెలలు ఒక్క ఓడ రేవులోకి రాలేదు. ఆ గట్ల కోసం తర్వాత జరిగిన పోరులో వేలమంది చనిపోయారు.

ఇది పుస్తకాల్లో ఉంది. దఫేదారుకు కొంత తెలుసు. బోటు డ్రైవరుకు తెలియదు. తెలియకూడదనే అతన్ని ఎంచుకున్నాను. రేవును చెడకుండా పట్టుకోవాలని మాత్రమే అతనికి పని అప్పజెప్పాను. తెలియనివాడు కూడా అదే పొరపాటు చేస్తాడు, మంచి సైన్యం కూడా కళ్ళెదుట ఉన్నదాన్నే చూస్తుంది అని నేను చూపించాలనుకున్నాను. ఎనిమిది నెలలు ఆ మ్యాపు గీశాను. గీస్తూ గీస్తూ రిపోర్టు కూడా రాసేశాను. ఆట మే నెలలో ఆడాం. రిపోర్టు ఏప్రిల్లోనే పూర్తయింది. బొత్తాల లెక్కలూ గంటలూ నింపడానికి ఖాళీలు వదిలాను. చివరి వాక్యం మాత్రం ఖాళీ లేకుండా రాసి పెట్టుకున్నాను: “రేవును గెలిచినవాడు రేవు గుమ్మాన్ని మర్చిపోయాడు.” ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. ఆఫీసులో కూర్చుని పైకి చదువుకునేవాణ్ణి.

ఆట రోజు భాయ్ కింద అంగట్లో ఉన్నాడు. పెళ్ళిళ్ళ రోజులు, బేరాలు ఎక్కువ. పైన మేము ముగ్గురమే. పొద్దున పదింటికి మొదలుపెట్టాం. బోటు డ్రైవరు ట్యాంకులను బాగా నడిపాడు. పెద్ద రోడ్డు మీద దఫేదారు ఫిరంగులు పెట్టుకుని కాచుకుంటే, వాటి జోలికి పోకుండా పక్క ఊళ్ళ మీదుగా తిప్పి తెచ్చాడు. నా గోడ గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంటకు నీలం బొత్తాలు ఊళ్ళోకొచ్చాయి. రేవు దొరికింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. నేను సంతోషంగా ఉన్నాను.

ముల్లు రెండు మీదికి తిప్పాను. గుడ్డ సందులోంచి చీటీ వచ్చింది. అతనివి పెద్ద అక్షరాలు. పెన్ను ఒత్తి రాస్తాడు, వెనకవైపు చేత్తో తడిమితే తగులుతాయి.

“మ. 2 గం. రెండు దళాలు ఊళ్ళో ఆగకుండా పోవాల. కాలవ మీద వంతెన ఇంకా ఉంది. అది దాటి ఉత్తరంగా ఇసక మెడ దాకా పొయ్యి అడ్డం నిలబడాల. మొగ వాళ్ళ చేతిలో ఉంటే రేవులో పడవ కదలదు.”

ఏరు సముద్రంలో కలిసే చోటును బోట్ల వాళ్ళు మొగ అంటారు. ఇసక మెడ అంటే మ్యాపు ఉత్తరపు అంచున నేను గీసిన సన్నటి నేల. దాన్ని పట్టుకుంటే ఏటి గట్టు మీదున్న జర్మన్లకు దారి తెగిపోతుంది.

చీటీని రెండుసార్లు చదివాను. తర్వాత మ్యాపు చూశాను. రెండు పక్షాల బొత్తాలూ నా ఒక్కడికే కనపడతాయి. వంతెన దగ్గర దఫేదారుకు ఒక్క నల్ల బొత్తం లేదు. ఆయన తన మనుషులందరినీ ఊరి దక్షిణాన పెట్టాడు. ఈ చీటీ నేను నడిపిస్తే, సాయంత్రానికి రెండు దళాలు ఇసక మెడ మీద ఉంటాయి. మొగ తెరుచుకుంటుంది. నా రిపోర్టు ఆరు పేజీలూ చింపెయ్యాలి.

ఇంకో సంగతి కూడా రాయాలి. చీటీ చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. పెద్ద పెద్ద జనరళ్ళకు తట్టనిది ఇతనికి ఎలా తట్టిందని. మొగ పూడితే బోట్లు ఎక్కడికక్కడ ఆగిపోవడం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషికి అది ఎలా తట్టకుండా ఉంటుందని ఆ క్షణంలో నేను ఆలోచించలేదు. వేటకు పోయేవాడికి ఇదంతా ఎందుకు అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను.

చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ముల్లు మూడు మీదికి తిప్పాను. ఆ గంటలో దఫేదారు దగ్గర్నుంచి చీటీ వచ్చింది, మనుషుల్ని పంపి కాలవ మీది వంతెన పేల్చెయ్యమని. పేల్చేశాను.

నాలుగు మీదికి తిప్పాక బోటు డ్రైవరు నుంచి ఇంకో చీటీ వచ్చింది. “మ. 4 గం. ఉత్తరం పోయిన రెండు దళాలు ఏమైనాయి?”

దాని వెనక రాసి పంపించాను: “ఉత్తరం ఎవరూ పోలేదు.”

ఆ నాలుగు గంటల చీటీ ఇప్పటికీ దారానికే ఉంది. ఎవరైనా దారం పట్టుకుని చదివి ఉంటే, ఉత్తరం పొమ్మన్న చీటీ ఏదని అడిగి ఉండేవాళ్ళు.

ఆట అయ్యాక గుడ్డలు పక్కకు లాగి ముగ్గురం పెద్ద మ్యాపు చుట్టూ నిలబడ్డాం. అతను ముందుగా వంతెన వైపు చూశాడు.

“రెండింటికి చీటీ పంపించినా గదన్నా.”

“టైం వెయ్యలేదు. చెల్లదు,” అన్నాను.

“ఏసినానే.”

“లేదు.”

“ఏసినానన్నా. మొదటే ఏసినా. యాడుందది, చూపించు.”

“చెల్లని చీటీలు ఉంచం. చింపేసినా.”

అతను నా మొహం వైపు చూశాడు. నాతో వాదించలేదు. తన చేతిలో ఉన్న పెన్ను వైపు చూసుకున్నాడు. “ఏసినాననుకున్నానే,” అన్నాడు మెల్లగా. ఏసినాను అన్నవాడు ఏసినాననుకున్నాను అనడానికి అర నిమిషం పట్టలేదు. ఆ అర నిమిషం నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మరుసటి ఆదివారం రిపోర్టు చదివాను. భాయ్ టీలు తెప్పించాడు. చివరి వాక్యం దగ్గర కాస్త ఆగి చదివాను. భాయ్ చప్పట్లు కొట్టాడు. దఫేదారు తొడ మీద కొట్టుకుని నవ్వాడు.

“సముద్రం ఒడ్డున పుట్టి మొగనే మర్చిపోయినావా, కెప్టెన్!”

“మర్చిపోలా సార్. రాసినా. టైం ఎయ్యలేదంట,” అన్నాడతను.

“గమ్మునుండబ్బయా! ఓడినోడు ప్రతివాడూ అదే చెప్తాడు. చీటీ రాసినా, ఆర్డరు ఇచ్చినా, వైర్‌లెస్ పన్జెయ్యలా! నా సర్వీసంతా ఇదే విన్నా.”

నవ్వారు. నేనూ నవ్వాను. అతనూ నవ్వాడు.

ఆ రోజు నుంచి దఫేదారు అతన్ని మొగ కెప్టెన్ అని పిలవడం మొదలుపెట్టాడు. ఎగతాళి తప్ప ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. మెట్లెక్కుతుంటేనే “మొగ కెప్టెన్ వచ్చినాడు, తలుపు తీసుండాదా మూసుండాదా చూసుకో!” అనేవాడు. రిపోర్టును భాయ్ చెన్నైలో ఇలాంటి ఆటలాడేవాళ్ళకు పంపించాడు. వాళ్ళు మెచ్చుకుంటూ రాశారు. చివరి వాక్యం గురించి ప్రత్యేకంగా రాశారు. ఆ ఉత్తరం భాయ్ గోడకు అంటించాడు. బోటు డ్రైవరు దాని కింద కూర్చుని ఇంకో నాలుగు ఆదివారాలు ఆడాడు. చీటీ మీద టైము రెండు చోట్ల వేసేవాడు, పైనా కిందా. గుడ్డ సందులోంచి ఇచ్చేటప్పుడు “టైం ఉందా అన్నా, చూసుకో,” అనేవాడు. “ఉంది,” అనేవాణ్ణి.

వేట నిషేధం అయిపోయింది. తర్వాత రాలేదు. భాయ్ ఫోన్ చేస్తే వేట మొదలైంది, తీరదు అన్నాడట.

ఈ పదకొండేళ్ళూ నిద్ర పట్టలేదని రాయను. పట్టింది. ఉద్యోగం చేసుకున్నాను, పిల్లల్ని చదివించుకున్నాను, ఇంకో పాతిక ఆటలకు అంపైరుగా ఉన్నాను. చీటీ సెట్‌స్క్వేర్ల డబ్బాలో అడుగున ఉండేది. భాయ్ ఫోన్ చేశాక వెతికితే దొరికిందని రాస్తే అది ఇంకో అబద్ధం. అది ఎక్కడుందో నాకు ప్రతి రోజూ తెలుసు. ఆఫీసులో ఆ డబ్బా రోజూ తెరుస్తాను. దాన్ని చూస్తే మొదట్లో ఏదో అనిపించేది. తర్వాత తర్వాత ఏమీ అనిపించలేదు. డబ్బాలో ఉన్న ఒక వస్తువు, అంతే.

పోయిన శనివారం బిట్రగుంట దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో జువ్వలదిన్నె వెళ్ళాను. కొత్త హార్బరు వైపు పోకుండా ఊళ్ళోకి పొమ్మన్నాను. అతను ఇంటి ముందు రేకుల నీడన కూర్చుని ఉన్నాడు. పక్కన నీలం వల కుప్ప. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచాడు.

“రాన్నా, రా! ఇల్లెట్టా కనుక్కున్నావు?”

“అడుగుతా వచ్చినా.”

అతని భార్య లోపలి నుంచి వచ్చింది. “ఎవురు?”

“నెల్లూరులో పరుపులంగట్లో ఆడేవాళ్ళం గదా. ఆ అంపైరన్న.”

“ఓ, బొత్తాలాటా! ఆదివారమొస్తే నన్నూ పిల్లోళ్ళనీ ఇడిసిపెట్టి బొత్తాలాడుకోను పోయేవోడు. ఎవురో చిన్నపిల్లోళ్ళనుకుంటి. మీరా అన్నా, ఇంత వయసొచ్చి!” అని నవ్వి, కుర్చీ తెచ్చి వేసింది.

నీళ్ళ చెంబు అందిస్తుంటే అతని అరచెయ్యి చూశాను. నీలం పెన్నుతో అంకెలు రాసి ఉన్నాయి. కొన్ని చెరిగిపోయి, కొన్ని కొత్తగా.

“ఏందది?” అన్నాను.

ఆమే చెప్పింది. “అడగబాకన్నా. అదొక రోగం. బోటు తీసిన టైమూ, వల ఏసిన టైమూ, లాగిన టైమూ, అంతా చేతి మీదే. సోపేసి రుద్దినా పోదు. బీపీ మాత్ర ఏసుకున్నావా అంటే, నోటితో చెప్పడు. చెయ్యి చూసుకోని చెప్తాడు.”

“రాసుకోకపోతే నా మీద నాకే నమ్మకం లేదన్నా,” అన్నాడతను. “చేసినా అనుకుంటా, చేసుండను. నీకు తెలుసు గదా.”

నాకు తెలుసు. నీళ్ళు తాగాను.

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. రెండేళ్ళ కిందట మొగ పూడి బోట్లు ఇసుకలో తట్టుకుంటుంటే ఊళ్ళో మీటింగు పెట్టారట. ఏ రోజు, ఏ పోటుకు ఏ బోటు తట్టుకుందో ఇతను ఇంట్లో అంతా లెక్కగా చెప్పాడట. అందరి ముందర లేపి అడిగితే, గుర్తు లేదని కూర్చున్నాడట. “చేతి మీద చెరిగిపొయ్యిందంట! నాకు చెప్పినోడు వాళ్ళకు చెప్పలేడా?” అంది.

“ఇంక చాల్లే మే,” అన్నాడతను.

సంచిలోంచి డబ్బా తీశాను. సెట్‌స్క్వేర్ల కింది నుంచి చీటీ తీసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. వెనకవైపు బొటనవేలితో తడిమాడు.

“నా రాతే ఇది.”

“ఆ.”

 తలెత్తకుండా భార్యను పిలిచాడు. “ఇట్రా మే. ఇది చదువు.”

ఆమె చీటీ తీసుకుంది. “మ. రెండు గం. రెండు దళాలు ఊళ్ళో ఆగకుండా... ఏందిది?”

“టైం ఉందా?”

“ఉందిగా. మొదటే ఉంది.”

“ఉందంట,” అన్నాడు నాతో, నాకు తెలియనట్టు.

జరిగింది చెప్పాను. జేబులో పెట్టుకోవడం, చింపేశానని అబద్ధం చెప్పడం, రిపోర్టు సంగతి, అన్నీ. నా గొంతు ఆఫీసులో ఫైలు చదువుతున్నట్టు ఉంది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆమె నవ్వడం మానేసి గడప దగ్గర కూర్చుంది.

“ఎందుకట్ట చేసినావు?” అన్నాడతను.

“రిపోర్టు ముందే రాసేసినా.”

“ఆట ఆడకముందేనా?”

“నెల ముందు.”

అతను వల కుప్ప వైపు చూశాడు. “మరి మమ్మల్నెందుకు పిలిచినావన్నా?”

డబ్బా మూత పెట్టాను.

“నాలుగింటి దాకా వాళ్ళు పోతా ఉండారనే అనుకున్నా,” అన్నాడు. “నా మ్యాపు మీద రెండు బొత్తాలు జరుపుకుంటా ఉన్నా. కాలవ దాటించినా. ఇసక మెడ దాకా తీసకపోయినా. నువ్వు ఎవురూ పోలేదని రాసినాక మళ్ళా తెచ్చి ఊళ్ళో పెట్టినా.” కొంచెం ఆగి అడిగాడు. “పోయుంటే?”

“వంతెన కాడ ఎవరూ లేరు. పోయేవాళ్ళు.”

“మొగ దొరికుండునా?”

“దొరికుండేది.”

తల ఊపాడు. కోపం కనపడలేదు, సంతోషమూ కనపడలేదు. చీటీ ఉంచుకోమన్నాను. వద్దన్నాడు.

“నా కాడుంటే ఏం లాభం. అది దారానికి ఉండాల్సింది. పొయ్యి గుచ్చు. టైం మీద చిల్లు పడకుండా గుచ్చు.”

“బుక్కులో ఏం రాయమంటావు?”

“నీ బుక్కు, నీ ఇష్టం. ఈసారన్నా అయినాక రాయి.”

ఆమె అన్నం తినిపొమ్మని అనలేదు. మామూలుగా ఆ ఊళ్ళో తినకుండా పంపించరు. అతను ఆటో దాకా నాతో వచ్చాడు. ఆటో కదిలాక వెనక్కి చూస్తే, జేబులోంచి పెన్ను తీసి చేతి మీద ఏదో రాసుకుంటున్నాడు.

మరునాడు ఆదివారం పై గదికి వెళ్ళాను. సగం ఫోమ్ పరుపులు అప్పుడే ఎక్కించారు. భాయ్‌ను దబ్బనం అడిగాను. ఆంట్‌వెర్ప్ దారం తీసి, ఒంటిగంట చీటీకీ మూడు గంటల చీటీకీ మధ్య జాగా చేసి, రెండు గంటల చీటీని అక్కడ పెట్టాను. మిగతా చీటీలన్నీ పసుపు రంగుకు తిరిగాయి. ఇది డబ్బాలో ఉంది కాబట్టి తెల్లగా ఉంది.

“కొత్త చీటీనా?” అన్నాడు భాయ్.

“పాతదే. చదువు.”

చదివాడు. నాలుగు గంటల చీటీ తిప్పి దాని వెనక నా రాత కూడా చదివాడు. ఆయన తెలివైన మనిషి, నేను చెప్పాల్సిన పని పడలేదు. దూది మూట మీద కూర్చున్నాడు.

“ఆ గోడ మీది ఉత్తరం నేనే అంటించినా గదా,” అన్నాడు. “అతని తలకాయ పైన.”

“ఆ.”

“దఫేదారుకు ఎవరు చెప్తారు?”

“నేనే చెప్తా.”

“చెప్పు. ఇప్పుడే చెప్పు, నా ముందర.”

ఫోన్ చేసి చెప్పాను. దఫేదారుకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే కష్టంగా ఏమీ లేదు. “రెండింటికి నాకు ఆ వంతెన కాడ పురుగు కూడా లేదే. అబ్బయ్య నన్ను గెలిచినాడే,” అన్నాడు. అతని నంబరు అడిగి పెట్టేశాడు.

చీటీకి కింది భాగాన, అక్షరాలు లేని చోట చూసి దబ్బనం గుచ్చాను. దారం లాగాను. బుక్కులో పాత ఆరు పేజీలు తీసెయ్యమని, జరిగింది రాసిస్తాను, వాటి చోట అది పెట్టమని భాయ్‌కి చెప్పాను. దారానికి ఉన్న చీటీని ఫోటో తీసి జువ్వలదిన్నెకు పంపించాను.

కాసేపటికి జవాబు వచ్చింది.

“చూసినా అన్నా. ఉ. 11.20.”

మెసేజీ పక్కన ఫోనే టైము చూపిస్తుంది. అదీ పదకొండు ఇరవైయే.